పక్కింటి చెయ్యి

ఐదో అంతస్తు బాల్కనీలో నాలుగు కుండీలు పెట్టి కీరాదోసకాయలు కాయించిన గుమాస్తాకి కాలు నేల మీద నిలవలేదు. తన హస్తవాసి అలాంటిదని ఆఫీసంతా చాటుకుని, మనిషికో కాయ చొప్పున పంచిపెట్టాడు.

ఒకరోజు పొద్దున్నే చూస్తే, పక్కింటి నర్సమ్మ చెయ్యి కమ్మీల్లోంచి దూరి తన తీగ మీద ఉంది. అగ్గి మీద గుగ్గిలమయ్యాడు.

"ఏమండీ, కావాలంటే అడగొచ్చుగా. ఈ దొంగచాటు కోతలెందుకు?"

ఆవిడ చెయ్యి వెనక్కి తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది.

ఆ తర్వాత రెండు వారాల్లో ఒక్క పిందె నిలిస్తే ఒట్టు. అన్నీ పసుపుపచ్చబడి రాలిపోయాయి. మొక్కలమ్మే ముసలాయన దగ్గరికెళ్ళి మొరపెట్టుకుంటే ఆయన నవ్వాడు.

"అంత ఎత్తుకి తేనెటీగలు ఎక్కడొస్తాయి బాబూ? రోజూ పొద్దున్నే మగపువ్వు కోసి ఆడపువ్వుకి అద్దాలి. ఇన్నాళ్ళూ ఎవరు అద్దారు?"

గుమాస్తాకి తల కొట్టేసినట్టయింది. ఆ రోజు ఆవిడ వేళ్ళ మధ్య ఉన్నది కాయ కాదు, చిన్న పసుపుపచ్చ పువ్వు. కళ్ళారా చూసి కూడా నోరు పారేసుకున్నాడు.

సాయంత్రం వెళ్ళి నర్సమ్మ తలుపు తట్టాడు.

"తప్పయిపోయిందక్కా. నాకు తెలీలేదు."

"పోన్లే తమ్ముడూ. పూలన్నీ ఊరికే రాలిపోతుంటే చూడలేక అద్దేదాన్ని." ఆవిడ మామూలుగానే అడిగింది. "ఇంతకీ ఆ కాయలు చేదుగా లేవు కదా? నేనెప్పుడూ తినలేదు."