తినేముందు ఫొటో

ఆ సాయంత్రం లెక్కలమ్మకి కుర్చీలో ముళ్లున్నట్టే ఉంది. ఆడపడుచు పుట్టినరోజని ముస్తాబై హోటలుకొచ్చారు. సూప్ వచ్చింది, చల్లారింది కూడా. ఆవిడ మాత్రం చెంచా కప్పులో తిప్పుతూ మనసులో కూడికలూ తీసివేతలూ చేసుకుంటోంది. ఎన్నిసార్లు వేసినా ఆ లెక్క తేలడం లేదు.

లెక్కలమ్మ అన్నది మొగుడు వేళాకోళానికి పెట్టిన పేరు, అదే స్థిరపడిపోయింది. మందుల షాపు పైనున్న చిన్న గదిలో కూర్చుని, ఎవరేం తినాలో, ఎంత తినాలో చెప్పడం ఆవిడ పని. ఆ పని చేసేవాళ్లు ఇంకా ఉన్నారు. కాకపోతే వాళ్లంతా "బయట తిండి విషం" అని జనాన్ని హడలగొడతారు. ఈవిడ అలా కాదు. "హాయిగా తినండి. తిని దొంగతనం చేసినట్టు మొహం వేలాడేసుకోకండి. తినేముందు ప్లేటు ఫొటో తీసి నాకు పంపండి, క్యాలరీల సంగతి నేను చూసుకుంటా" అంటుంది. జనానికి ఇంతకంటే ఏం కావాలి? బాధ్యత ఆవిడ నెత్తిన పడేసి కమ్మగా తినొచ్చు. దాంతో మెట్ల మీద దాకా బారులు తీరేవారు.

వాళ్లందరిలోనూ ఈతల పిల్లంటే ఆవిడకి మహా ముద్దు. ఈతకొలనులో పిల్లలకి ఈత నేర్పుతుంది గనక ఆ పేరు. మొదట్లో కాస్త బొద్దుగా ఉండేది. అక్కడెవడో పనికిమాలినవాడు ఏదో కూశాడట, పంతం పట్టి వచ్చింది. చెప్పింది చెప్పినట్టు చేసేది. హోటలుకెళ్లిన ప్రతిసారీ నిండు ప్లేటు ఫొటో పంపేది. లెక్కలమ్మ వెంటనే "శభాష్! తప్పేం లేదు, తిను" అని జవాబిచ్చేది. బరువు చకచకా దిగింది. "మా అమ్మాయి ఒకతి ఉంది, కేకులు తింటూ సన్నబడింది" అని లెక్కలమ్మ కనబడ్డవాళ్లందరికీ చెప్పుకుని మురిసిపోయేది.

ఇవాళ పొద్దున ఆ పిల్ల బరువు చూసుకోవడానికి వచ్చింది. ముల్లు చూసి లెక్కలమ్మ గుండె జారింది. ఆ ఫొటోల్లో తిండి నిజంగా కడుపులోకి వెళ్తే ఇంత తగ్గడం జరిగే పని కాదు. యంత్రం చెడిందేమోనని తనూ ఎక్కి చూసింది, కింద మందుల షాపాయన్ని పిలిచి ఎక్కించింది. యంత్రానికి ఏ రోగమూ లేదు. పైగా ఆ పిల్ల దిగుతూ గోడ పట్టుకుంది. "కళ్లు తిరిగాయా?" అంటే, "అబ్బే, చెప్పు జారింది మేడమ్" అంది. సోమవారం నుంచి లోతు నీళ్లలో చిన్నపిల్లల బ్యాచ్ తనకే అప్పగిస్తున్నారని సంబరంగా చెప్పి వెళ్లిపోయింది.

"చెప్పులు గుమ్మం బయటే విడిచింది కదా!" అంది లెక్కలమ్మ ఉన్నట్టుండి, సూప్ ముందు కూర్చుని.

"ఎవరి చెప్పులే?" అంది పక్క కుర్చీలో ఉన్న ఆడపడుచు. ఆవిడ మంచి భోజనప్రియురాలు. తలంత కొప్పు, ఆ కొప్పులో అరచేయంత పసుపుపచ్చ దువ్వెన.

"ఆ ఈతల పిల్ల, వదినా. లెక్క కుదరట్లేదు. ఏదో తేడాగా ఉంది. నీళ్లలో కళ్లు తిరిగి పడిందంటే? చుట్టూ పసిపిల్లలు!"

"కందకి లేని దురద కత్తిపీటకెందుకే? సన్నబడ్డానని ఆ పిల్ల సంతోషంగా ఉంటే మధ్యలో నీకేం వచ్చింది? సూప్ ఎలాగూ చల్లారింది, ఈ వచ్చిన చేపైనా వేడిగా తిను."

"ఆ చేపలో ఎన్ని క్యాలరీలున్నాయో తేలందే దానికి ముద్ద దిగదక్కా" అన్నాడు మొగుడు.

ఇద్దరూ పకపకా నవ్వారు. లెక్కలమ్మకి ఒళ్లు మండింది. లేచి వెళ్లిపోదామా అనుకుంది, పుట్టినరోజు పూట బాగుండదని తమాయించుకుంది. అంతలో చేతిలో ఫోను మోగింది. ఈతల పిల్ల ఫొటో పంపింది. వేపిన చేప, చీజు కరిగించిన బంగాళాదుంపలు, పక్కన నల్లటి కేకు ముక్క. అలవాటుకొద్దీ వేలు "శభాష్" అని కొట్టేసింది కూడా. పంపబోతూ ఆగింది. ఫొటో మూల ఓ కొప్పుంది. ఆ కొప్పులో పసుపుపచ్చ దువ్వెన!

లెక్కలమ్మ వీపు వెనక పెద్ద స్తంభం ఉంది. మెల్లగా తిరిగి, దాని పక్కనుంచి తొంగిచూసింది. రెండు బల్లల అవతల ఈతల పిల్ల ఒక్కతే కూర్చుని ఉంది. ప్లేటు దగ్గరికి లాక్కుంది. వంగి, కళ్లు మూసుకుని వాసన చూసింది. చేపని ముక్కలు చేసింది, ఇటువి అటు, అటువి ఇటు జరిపింది. ఒక్క ముక్కా నోటిదాకా వెళ్లలేదు. మాటిమాటికీ ఫోను వంక చూస్తోంది. జవాబు రాకపోయేసరికి మొహం చిన్నబోయింది. సర్వర్ని పిలిచి అంతా పొట్లం కట్టించుకుని లేచింది.

లెక్కలమ్మ మళ్లీ చేతిలోని ఫొటో వంక చూసింది. తినేముందు ఫొటో! తిన్నాక ప్లేటు ఎలా ఉందో ఒక్కనాడు చూసిందా? శకునం చెప్పే బల్లి కుడితిలో పడిందంటే ఇదే కాబోలు. కుర్చీ వెనక్కి తోసి, వదిన పిలుస్తున్నా వినకుండా పరిగెత్తింది.

గుమ్మం బయట మెట్ల మీద దొరికింది ఆ పిల్ల. లెక్కలమ్మని చూడగానే సంచీ వెనక్కి దాచుకుంది.

"ఆ పొట్లం ఎవరికి?"

"మా తమ్ముడికి, మేడమ్. వాడికి చేపంటే ఇష్టం."

"ఇన్నాళ్లూ వాడేనా తింటున్నది?"

ఆ పిల్ల తల దించుకుంది. లెక్కలమ్మకి కోపం నషాళానికంటింది. "నిన్ను నెత్తిన పెట్టుకున్నానే! నాకు దొంగ ఫొటోలు పంపిస్తావా?"

"దొంగవి కాదు. మీరు ఫొటో అడిగారు, పంపాను. తిన్నావా అని ఎప్పుడైనా అడిగారా మేడమ్?"

చెంప ఛెళ్లుమన్నట్టయింది. ఇంటికెవరొచ్చినా, ఎవరు ఫోనెత్తినా ఎవరైనా ముందు అడిగే మాట అది. ఈ పిల్లని ఎన్ని అడిగింది! నూనె ఎంత, చీజు ఎంత, కేకు మందం ఎంత అని అడిగింది. ఆ ఒక్కమాట మాత్రం నోటికి రాలేదు.

"మొదట్లో తినేదాన్ని" అంది ఆ పిల్ల. "తప్పేం లేదని మీరు రాసేవారు. అది చదివినంతసేపూ బాగుండేది. ఇంటికెళ్లాక రాత్రంతా ఏదో పాపం చేసినట్టు పొర్లేదాన్ని. ఓసారి ఫొటో పంపి తినడం మానేశా. ముల్లు దిగింది, మీరు శభాష్ అన్నారు. మా ఇంట్లో నన్నెవరూ శభాష్ అనరు మేడమ్."

లెక్కలమ్మకి దుఃఖం ముంచుకొచ్చింది. అయినా గొంతు గట్టి చేసుకుంది. "రేపు పొద్దున్నే నిన్ను పెద్దాసుపత్రికి తీసుకెళ్తా. సోమవారం నువ్వు నీళ్లలో దిగడానికి వీల్లేదు. మీ మేనేజరుకి నువ్వు చెప్పు, లేదా నేను చెప్తా."

"మీ కాళ్లు పట్టుకుంటా, చెప్పకండి! ఉద్యోగం ఊడుతుంది!"

"పసిపిల్ల మునిగిపోతుంటే నీ కళ్లు తిరిగితే?"

"మరి ఊరంతా నా గురించి గొప్పలు చెప్పుకున్నారుగా? వాళ్లకేం చెప్తారు?" ఆ పిల్ల కళ్లలో నిప్పులు, నీళ్లు రెండూ ఉన్నాయి.

ఆ మాట లెక్కలమ్మకి సూటిగా తగిలింది. మెట్ల మీద బారులు తీరే మనుషులు, తన పేరు, అంతా కళ్లముందు గిర్రున తిరిగింది. "నాది గుడ్డి లెక్క అని చెప్తా" అంది.

ఆ పిల్ల ఇంకేదో అనబోయింది. కాళ్లు సహకరించక మెట్టు మీద కూలబడింది. లెక్కలమ్మ చటుక్కున పక్కన కూర్చుని భుజం పట్టుకుంది. ఆ భుజం ఎముకలు చేతికి గుచ్చుకున్నాయి.

"తిన్నావా?" అంది.

ఆ పిల్ల చెప్పులు చూసుకుంటూ, "నిన్న పొద్దున... సగం ఆపిల్" అంది.

సగం ఆపిల్‌కి ఎన్ని క్యాలరీలో లెక్కలమ్మని నిద్రలో లేపి అడిగినా చెప్పగలదు. ఆ అంకె తనంతట తానే నాలుక చివరికి వచ్చేసింది. ఆవిడ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, ఆ వీధి మెట్ల మీద, అందరూ చూస్తుండగా ఏడ్చింది.