రంపం మీద రెండో చెయ్యి

మరిగే నీళ్ళలో ముంచి తీసిన కోడిపుంజుకి ఈకలు పీకుతూ, నగ్లా మూడోసారి లేచి వెళ్ళి పాప ఊపిరి తీస్తోందో లేదో చూసి వచ్చింది. ఏడు నెలల రువైదా రెండు దిళ్ళ మధ్య హాయిగానే నిద్రపోతోంది. అయినా ముక్కు దగ్గర వేలు పెట్టి చూసుకుంటే గానీ నగ్లాకి వంటింట్లో కాలు నిలవదు. పుంజు నెత్తురంతా కింద వర్క్‌షాపులోనే అయిపోయింది. ఇంటికి యంత్రం వస్తే నెత్తురు చూపించాల్సిందేనని, లేకపోతే బూలాక్ వీధిలో ఉన్న కళ్ళన్నీ దానిమీదే పడతాయని అత్తగారు పట్టుబట్టి కోయించింది. నగ్లా మొగుడు షాబాన్ ఆ నెత్తురులో అరచెయ్యి ముంచి, రెండు చక్రాల మీద పట్టీలా తిరిగే బ్లేడుతో ఇనుము కోసే ఆ పాత రంపం, బ్యాండ్ సా, ఆకుపచ్చ తలుపు మీద అయిదు వేళ్ళూ పడేలా అద్దాడు. వీధిలో నలుగురూ ముబారక్ చెప్పారు. వంట తొందరగా కానిమ్మని ఇంట్లోవాళ్ళకి కబురొచ్చింది. ఇంట్లోవాళ్ళంటే నగ్లా. షాబాన్ నలుగురిలో పెళ్ళాం పేరు పలకడు. ఆ వీధిలో ఏ మగవాడూ పలకడు.

ఎక్కడో మూతపడ్డ ఫ్యాక్టరీ నుంచి వచ్చిన ఆ రంపం నగ్లా పెళ్ళినాటి బంగారు గాజులు అమ్మిన డబ్బుతో వచ్చింది. వాటిని ఎవరూ అడగలేదు, తనే తీసి ఇచ్చిందని అందరూ చెప్పుకుంటారు. అడగకుండా ఎలా అడగాలో షాబాన్‌కి తెలుసు. మూడు సాయంత్రాలు అన్నం ముందు కూర్చుని, రొట్టె తుంచి, తినకుండా లేచిపోయాడు. నాలుగో సాయంత్రం ఆమె గాజులు తీసి పళ్ళెం పక్కన పెట్టింది. "చేతికి బరువు తగ్గింది, అల్లాకి షుక్ర్ చెప్పుకో" అని నవ్వాడు. షుక్ర్ చెప్పుకోమని ఆమెకి చిన్నప్పటినుంచీ అందరూ చెబుతూనే ఉన్నారు. పదహారేళ్ళకి నాన్న కుట్టుపని స్కూలు మాన్పించి పెళ్ళి ఖాయం చేసినప్పుడు, మంచి సంబంధం దొరికింది, షుక్ర్ చెప్పుకో. పురుట్లో రెండు రోజులు నొప్పులు పడి ఆడపిల్లని కన్నప్పుడు, ఇద్దరూ బతికారు, షుక్ర్ చెప్పుకో. ఆమె చెప్పుకుంది కూడా. నిజంగానే చెప్పుకుంది. కానీ ఎవరో చెయ్యి చాచి అడుగుతుంటే ఇచ్చినట్టుండేది.

పుంజు ఇంకా ఉడకనే లేదు, కింద షాబాన్ తిట్లు వినిపించాయి. మొదటి గొట్టం సగమైనా తెగకముందే బ్లేడు పళ్ళు రాలిపోయాయి. కొత్త బ్లేడు తెచ్చాడు, అదీ అంతే. ఇంకా పెద్ద పళ్ళదైతే గట్టిగా ఉంటుందని మూడోది తెచ్చాడు. అది వంకరగా కోసి, చక్రం మీంచి జారి, తెగిపోయింది. దిష్టి తగిలిందని అత్తగారు, అమ్మినవాడు దొంగని షాబాన్. బడి బెంచీల ఆర్డరుకి మళ్ళీ చేతిరంపమే గతి అయింది. మంగళవారం సాయంత్రం చెప్పేశాడు: గురువారం సాయంత్రపు అసర్ నమాజు తర్వాత పాత ఇనుము కొనే మహ్రూస్ తక్కెడ తీసుకొస్తాడు, ఈ దరిద్రాన్ని తూకానికి ఇచ్చేద్దాం. అన్నం వడ్డిస్తున్న నగ్లా తన మణికట్టు వైపు చూసుకుంది. అక్కడ గాజులుండే చోట చర్మం ఇంకా తెల్లగానే ఉంది. గాజులు పోయి రంపం అయ్యాయనుకుంటే ఎలాగో ఓర్చుకుంది. ఇప్పుడవి తుక్కు కాబోతున్నాయి.

ఆ రాలిన పళ్ళన్నీ ఒక డబ్బా మూతలో ఆమె దగ్గరే ఉన్నాయి. పాప పాకడం మొదలుపెట్టినప్పటినుంచీ నగ్లాకి ఒకటే భయం, షాబాన్ చెప్పుల వెంట మెట్లెక్కి వచ్చే ఇనుప రజను. ఒక్క ముక్క పాప నోట్లో పడితే? గొంతులో గుచ్చుకుంటే? అందుకని రోజూ మోకాళ్ళ మీద కూర్చుని, వర్క్‌షాపు నేలా మెట్లూ అయస్కాంతంతో తుడిచేది. తర్వాత టీ, తర్వాత గ్రీజు బట్టలు, ఆ తర్వాత కోసిన గొట్టాల అంచులు ఆకురాయితో నున్నగా రుద్దడం. అంచులు ఇంత బాగా ఎవరు రుద్దుతారని బేరగాళ్ళు అడిగితే, "ఇంట్లోవాళ్ళు చూసుకుంటారు" అనేవాడు షాబాన్, ఇల్లే తనంతట తాను ఆకురాయి పట్టుకున్నట్టు.

బుధవారం పొద్దున డబ్బా మూతలోని ఆ పళ్ళని, బెంచీ గొట్టం ముక్కనీ పక్కపక్కన పెట్టుకుని చాలాసేపు చూసింది. పన్నేమో ఇంత పెద్దది. గొట్టం గోడేమో రేకులాగా పల్చన. కుట్టుపని స్కూల్లో మొదటి నెలలోనే టీచరమ్మ చెప్పిన మాట ఇది. మల్లు గుడ్డకి జీన్సు కుట్టే సూది వేస్తే గుడ్డ చిరుగుతుంది, లేదా సూది విరుగుతుంది. పాపని చంకనేసుకుని కిందికి దిగి, స్విచ్చి తీసేసి ఉందో లేదో మూడుసార్లు చూసి, ఆకుపచ్చ తలుపు తెరిచి చక్రాన్ని చేత్తో తిప్పింది. బ్లేడుని అటూ ఇటూ పోకుండా పట్టుకునే చిన్న బేరింగులు నాలుగున్నాయి. మూడు తిరిగాయి. నాలుగోది బిగుసుకుపోయి, ఒకవైపు అరిగి చదునుగా ఉంది. దాన్ని విప్పి తీసుకుంది.

తెలియడం ఒక ఎత్తు, ఇల్లు కదలడం ఒక ఎత్తు. గురువారం పొద్దున షాబాన్ ఎవరింటికో కిటికీ ఊచలు బిగించడానికి వెళ్ళాడు. పాపని ఎవరు చూస్తారు? ఇంట్లో ఉన్నది అత్తగారే. పాలు పడాలని పొద్దునే మెంతుల కషాయం ఇచ్చే చెయ్యే ఆమెది. సగం చదువు, సగం పాలు, సగం వంట, ఏదీ నిండుగా రాదు ఈ పిల్లకి అనే నోరూ ఆమెదే. అయినా అడిగింది. ఇనుప సామాన్లు అమ్మే సబ్తియా బజారుదాకా వెళ్ళొస్తానంది. అత్తగారు మొలోఖియా ఆకు సన్నగా తరగడం ఆపి, కోడల్ని పైనుంచి కిందిదాకా చూసింది.

"బ్లేడు కొనడానికా? నువ్వా?"

"అవును, అత్తా."

"సూది కొనుక్కోడానికి కూడా నీకు భయమే కదే."

నగ్లా తల దించుకుంది. అత్తగారు చేతులు కడుక్కుని, కొంగుకి తుడుచుకుని, పాపకోసం చేతులు చాచింది.

"మీ మావయ్య కొలిమికి ఇరవై రెండేళ్ళు తిత్తి ఊదాను. ఊదానని ఒక్కడూ అనలేదు. వెళ్ళు. పాలకి ఏడిస్తే సోంపు నీళ్ళు పడతాలే. అసర్‌లోపు రా."

ఆ మాట నగ్లాని మెట్ల మీదే ఒక్క క్షణం ఆపేసింది. తర్వాత పరుగెత్తినట్టే నడిచింది.

సబ్తియాలో ఆడది ఒంటరిగా బేరింగు పట్టుకుని తిరగడం చూసి నవ్వినవాళ్ళు నవ్వారు. వాళ్ళాయన పంపాడా అని అడిగినవాళ్ళు అడిగారు. బ్లేడ్లు అతికే హాజీ ఫిక్రీ మాత్రం కళ్ళజోడు తుడుచుకుని, కోసేదేంటని అడిగాడు. నగ్లా సంచిలోంచి పాప గుడ్డలో చుట్టిన గొట్టం ముక్క, తెగిన బ్లేడు, అరిగిన బేరింగు తీసి బల్లమీద పెట్టింది. ఆయన బ్లేడుని గొట్టం అంచుకి ఆనించి చూపించాడు.

"చూడమ్మా, గొట్టం గోడ వచ్చి పన్నుకీ పన్నుకీ మధ్య సందులో పడిపోతోంది. మరి పన్ను విరక్కేం చేస్తుంది? ఒకేసారి మూడు పళ్ళన్నా ఆనాలి. పొడుగెంత?"

చక్రాల చుట్టూ కుట్టు టేపు మూడుసార్లు చుట్టి కొలిచిన లెక్క చెప్పింది నగ్లా, సెంటీమీటరుతో సహా. హాజీ ఫిక్రీ నవ్వాడు. "నా దగ్గరకొచ్చే మగాళ్ళలో సగంమంది రెండు చేతులూ చాచి ఇంత అంటారు" అన్నాడు. చుట్టలోంచి సన్నపళ్ళ బ్లేడు కోసి, కొసలు కలిపి అతికి, అతుకు నున్నగా రుద్ది, వేలితో తడిమి చూడమని ఆమెకే ఇచ్చాడు. మొదటి నాలుగు కోతలు మెల్లగా పోనివ్వమన్నాడు, కొత్త పళ్ళు కదా అని. బేరింగు పక్కకొట్టు నుంచి తనే తెప్పించాడు. ఆమె అడిగిందానికి అడిగినట్టే జవాబు చెప్పాడాయన, అంతే. ఆ అంతేకే నగ్లాకి దారి పొడుగునా కళ్ళు చెమ్మగిల్లుతూనే ఉన్నాయి.

తిరిగొచ్చేసరికి అత్తగారు పాపని ఒళ్ళో వేసుకుని వర్క్‌షాపు గడప బయటే కూర్చుని ఉంది, ఇనుప రజను తగలనంత దూరంలో. నగ్లా పాపకి పాలిచ్చి, మళ్ళీ అందించి, లోపలికి వెళ్ళింది. బేరింగు బిగించింది. బ్లేడు చుట్ట విప్పి చక్రాలకి ఎక్కించింది. గొట్టం పెట్టి స్విచ్చి వేసింది.

రంపం కీచుమంది. గొట్టం మీద మెరిసే గీత ఒకటి పడింది గానీ, ఒక్క రజను రాలలేదు. అయిపోయింది, మళ్ళీ సగమే, అందరూ అన్నదే నిజం. స్విచ్చి కట్టేసి నేలమీద కూలబడింది. బయట అసర్ అజాన్ మొదలైంది. మహ్రూస్ బయలుదేరే ఉంటాడు. పాప ఏదో కూస్తోంది, అత్తగారు ఆ కూతకి బదులు పలుకుతోంది. అప్పుడు ఒకటి తట్టింది. కుట్టు మిషనుకి సూది తిరగేసి పెడితే సూది ఆడుతుంది, కుట్టు పడదు. లేచి బ్లేడు పళ్ళని చేత్తో తడిమింది. గొట్టానికి ఎదురు తిరగాల్సిన పళ్ళు వెనక్కి చూస్తున్నాయి. చుట్ట విప్పినప్పుడు బ్లేడు లోపలి వైపు బయటికి తిరగబడింది.

బ్లేడు దించి, చొక్కా చేతిని తిరగదీసినట్టు దాన్ని తిప్పాలి. షాబాన్ గ్లవ్సులు ఆమె చేతులకి పెద్దవి, బ్లేడు జారిపోతోంది. తీసేసింది. మెలిపెట్టగానే అది ఒక్కసారి పాములా చిమ్మింది. కుడి అరచెయ్యి అడ్డంగా తెగింది. పడకుండా ఆ చేత్తోనే రంపం తలుపు పట్టుకుంది. తర్వాత బ్లేడు ఎక్కించి, బిగించి, స్విచ్చి వేసింది.

కీచుమనలేదు. ఒకటే నిదానమైన మోత, కింద పళ్ళెంలోకి సేమియాలాగా సన్నని రజను. గొట్టం తెగి ఠంగున పడింది. అంచు దాదాపు నున్నగా ఉంది.

షాబాన్, మహ్రూస్ వచ్చేసరికి రంపం తన బరువుకి తానే దిగుతూ ఏడో ముక్క కోస్తోంది. గడప దగ్గర అత్తగారు కోడలి అరచేతిలో కాఫీ పొడి అద్ది, తన తలగుడ్డ చింపి కట్టు కడుతోంది. పాప కోడలి ఎడమ చంకలో ఉంది. షాబాన్ ఏడు ముక్కలూ వరసగా తీసి చూశాడు, అంచుల మీద బొటనవేలు పోనిచ్చాడు. మసిగుడ్డ తీసుకుని తలుపు మీది తడి నెత్తురు తుడవబోయాడు.

"ముట్టుకోకు" అంది అత్తగారు. "నీ పుంజు నెత్తురు వారంనుంచీ ఏ పనీ చెయ్యకుండా చూస్తూ కూర్చుంది."

షాబాన్ చెయ్యి అక్కడే ఆగింది. నగ్లా వాళ్ళిద్దర్నీ చూసింది. పుణ్యాత్ముడు హాజీ ఫిక్రీకి షుక్ర్. తలగుడ్డ చింపిన ఈ ముసలావిడకి, పాప గొంతులో అడ్డం పడకుండా ఆమె పట్టిన సోంపు నీళ్ళకి షుక్ర్. సగంలోనే ఆపేసినా లోపలే దాగి ఉన్న ఆ రెండేళ్ళ చదువుకి షుక్ర్. తనని ఇన్నాళ్ళూ నేలమీద మోకాళ్ళతో నడిపించిన ఆ పిచ్చి భయానికి కూడా. ఈసారి చెప్పుకోమని ఎవరూ అనలేదు.

మహ్రూస్ తక్కెడ కింద పెట్టి, తలుపు దగ్గరికి వంగి చూశాడు. ఎండి నల్లబడ్డ పెద్ద చెయ్యి, పక్కనే ఎర్రగా చిన్న చెయ్యి.

"పెద్దది నీదేలే మేస్త్రీ, ఈ చిన్నదెవరిది?"

షాబాన్ అలవాటుగా నోరు తెరిచాడు. "అదీ... ఇంట్లోవాళ్ళు..."

"నాది" అంది నగ్లా. "నా పేరు నగ్లా." పాపని ఎడమ చంకలోంచి అత్తగారికి అందించి, కట్టు కట్టిన చేత్తో రంపం పిడి పట్టుకుంది. "షాబాన్, ఇంకో గొట్టం అందించు."

షాబాన్ అందించాడు.