నాన్న బాల్కనీలో ఉన్నారు

"నాన్న బాల్కనీలో ఉన్నారు." మా ఇంట్లో ఈ మాటకి కోర్టు తీర్పుకున్నంత విలువ. ఆ మాట అన్నాక ఇక అప్పీలు లేదు. గ్యాస్ బండ వచ్చినా, కుళాయి ఊడిపోయినా, మా ఆయన సొంత తమ్ముడే ఫోన్ చేసినా సరే, ఆయన బాల్కనీలో ఉన్నారంటే గాజు తలుపు మూసి ఉంటుంది, అవతల సిగరెట్టు పొగ, ఇవతల నేను. కాఫీ తాగాక ఒకసారి, ఆఫీసు నుంచి వచ్చాక ఒకసారి, భోజనమయ్యాక ఒకసారి. ఆ తర్వాత గట్టు మీద రాలిన బూడిద తడిగుడ్డతో తుడవడం నా వంతు. అది తుడుస్తూ నేను తిట్టుకున్న తిట్లన్నీ వింటే ఆ గట్టే సిగ్గుపడి దిగిపోయేది. కానీ నిజం చెప్పొద్దూ, మనిషి మంచివాడు. గొంతెత్తి ఒక మాట అనడు. నా తలనొప్పి మాత్రల పేరు నాకంటే ఆయనకే బాగా గుర్తు. సిగరెట్టు ఊసెత్తితే మాత్రం మా అత్తగారు అడ్డుపడుతుంది. "వాడికున్న సుఖం అదొక్కటే అమ్మాయ్, పోనీలే." నిజమే, ఆయన సుఖం లెక్కకి దొరుకుతుంది. నాది ఏదో నన్నెవరూ అడగలేదు కాబట్టి నేనూ వెతుక్కోలేదు.

మా అమ్మాయి మూడేళ్లప్పుడు సుద్దముక్క రెండు వేళ్ల మధ్య పెట్టుకుని, తల పైకెత్తి, ఉఫ్ఫని ఊదేది. ఇల్లంతా ఒకటే నవ్వు. "అచ్చం వాళ్ల నాన్నే!" అని అత్తగారు దిష్టి కూడా తీసేసింది. వచ్చిన ప్రతి చుట్టానికీ మళ్లీ చేసి చూపించమనేవాళ్లం. వాగుడుకాయ కాబట్టి దానికి పిచ్చుక అని పేరు పెట్టుకున్నాం. ఇప్పుడు పదమూడేళ్లొచ్చాక ఆ పిచ్చుక ఇంట్లో మాట్లాడ్డం తగ్గించింది. వయసులే అనుకున్నాను.

నేను కళ్లజోళ్ల షాపులో పనిచేస్తాను. ఆ రోజు ఒక పెద్దాయన్ని కుర్చీలో కూర్చోబెట్టి, "ఇప్పుడు బాగా కనిపిస్తోందా, ఇందాక బాగుందా?" అని అద్దాలు మారుస్తుంటే స్కూలు నుంచి ఫోన్. స్కూల్లో ముందు రాయించింది ఆయన నంబరే. అయినా వాళ్లెప్పుడూ నాకే చేస్తారు. పిల్లకి జ్వరమొస్తే నేను, ఫీజు ఆలస్యమైతే నేను. "మీరు వెంటనే రండి. మీ అమ్మాయి సిగరెట్టు తాగుతూ దొరికింది" అంది హెడ్మిస్ట్రెస్. ఆయనకి ఫోన్ చేస్తే, "మీటింగులో ఉన్నానోయ్, నువ్వు వెళ్లు. తల్లివి కదా, నీకైతే చెప్తుంది" అన్నారు.

హెడ్మిస్ట్రెస్ గదిలో మా పిచ్చుక గోడకి ఆనుకుని నిలబడి ఉంది. పక్కనే దాన్ని పట్టుకొచ్చిన డ్రిల్లు మాష్టారు. ఆయన దగ్గరికొచ్చి వివరం చెప్తుంటే చొక్కాలోంచి గుప్పుమని వాసన. ఇరవై ఏళ్లుగా ఇంట్లో పీలుస్తున్నదాన్ని, నాకు తెలియదా! "మా వరకూ మేం క్రమశిక్షణతోనే పెంచుతున్నామండీ. ఇంట్లో తల్లి కాస్త కనిపెట్టుకుని ఉండాలి. ఇంకోసారి ఇలా జరిగితే టీసీ ఇచ్చి పంపేస్తాం" అంది హెడ్మిస్ట్రెస్. నేను చేతులు కట్టుకుని అలాగేనండీ అన్నాను. ఆ అలాగే ఎందుకన్నానో అని దారంతా నన్ను నేనే తిట్టుకున్నాను. పిల్ల నా చెయ్యి పట్టుకోలేదు, నన్ను వదల్లేదు కూడా, నా చీర కొంగు చివర మాత్రం వేలికి చుట్టుకుని నడిచింది.

సాయంత్రం ఇంట్లో పంచాయితీ. "మొక్కై వంగనిది మానై వంగుతుందా!" అని మొదలుపెట్టింది అత్తగారు. అక్కడితో ఆగితే బాగుండేది. "ఆవు చేలో మేస్తే దూడ గట్టున మేస్తుందా?" అని నా వైపు చూసింది. నాకు అంత బాధలోనూ నవ్వొచ్చింది. చేలో పడి మేసింది ఎవరో ఊరందరికీ తెలుసు, సామెతలో మాత్రం ఎద్దు ఊసే లేదు!

"అసలు నీకు సిగరెట్టు ఎక్కడిదే?" అని గద్దించారాయన. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, అడుగుతూనే చొక్కా జేబు తడుముకున్నారు. పిల్ల చూసింది, నేనూ చూశాను. బట్టలు నానబెట్టే ముందు అందరి జేబులూ ఖాళీ చేయడం దాని పని. పదేళ్లప్పుడు నేనే అప్పజెప్పాను. ఆయనకి అర్థమైంది. మొహం నల్లబడింది. ఒక్క క్షణం పిల్ల తల మీద చెయ్యి వేయబోయి, వేయలేక, "నా బుర్ర పనిచేయట్లేదు" అంటూ వెళ్లి గాజు తలుపు వేసుకున్నారు. అవతల అగ్గిపుల్ల వెలిగింది. ఏం చెయ్యను ఈ మనిషిని! "కాసేపు కదిలించకు అమ్మాయ్, వాడు బాల్కనీలో ఉన్నాడు" అంది అత్తగారు.

పిల్లని వంటింట్లోకి తీసుకెళ్లాను. చేతికి పని ఉంటే నోరు విప్పుతుందని బఠాణీలు ముందు పోశాను. నేనూ తల్లినే కదా, ఆడపిల్ల చేతులు ఖాళీగా ఉంటే నాకు తోచదు.

"కొడతావా అమ్మా?"

"కొట్టను. సిగరెట్టు బాగుందా?"

"ఛీ, చేదు. దగ్గొచ్చేసింది. కళ్లల్లోంచి నీళ్లు."

"మరి ఎందుకే తల్లీ?"

ఒక కాయ ఒలిచి గింజలు గిన్నెలో వేసింది. "వార్షికోత్సవం అని మమ్మల్ని కుర్చీలు సర్దమన్నారు. రోజూ మేమే. మగపిల్లలు ఆటకి పోతారు. మాష్టారు షెడ్డు వెనక తాగుతుంటే మేడం కూడా 'ఉండండి, సార్ బ్రేకులో ఉన్నారు' అంటుంది. ఇంట్లో నాన్నా అంతే. చేతిలో అది ఉంటే ఎవ్వరూ పని చెప్పరమ్మా. నాకూ కాసేపు ఎవ్వరూ పని చెప్పకూడదనిపించింది."

అది తలెత్తకుండానే మళ్లీ అంది, "నువ్వంటే నాకు చాలా ఇష్టం. కానీ నీలా అవ్వాలంటే భయమేస్తోంది."

ఏడుపొచ్చింది, ఏడ్చాను కూడా, దాని ముందే. నేను ఇన్నాళ్లూ అనుకున్నదేమిటి? పిల్లకి నేను ఓర్పు నేర్పుతున్నానని. అది మాత్రం ఇంట్లో ఇద్దరు మనుషుల్ని చూసింది. ఒకళ్లు కూర్చుంటారు, ఒకళ్లు కూర్చోరు. కూర్చునేవాళ్ల చేతిలో ఏముందో చూసి దాన్నే తీసుకుంది. లెక్క తప్పని ఎలా అంటాను? పొగ ఊపిరితిత్తులకి మంచిది కాదని ఎన్నిసార్లు చెప్పినా ఈ లెక్క మారదు. స్కూలు పంపేస్తుందన్న భయం కూడా ఆ క్షణం వెనక్కి పోయింది. ఈ పిల్ల సిగరెట్టు మానాలంటే అది నా మొహంలో ఇంకేదో చూడాలి. మరి నేనేమో దాని ముందు బఠాణీలు పోసి కూర్చున్నాను!

స్టవ్ ఆర్పేశాను. గిన్నె దాని చేతుల్లోంచి తీసుకుని గట్టు మీద పెట్టాను. వెళ్లి గాజు తలుపు తీశాను, తట్టకుండా.

ఆయన ఉలిక్కిపడి వెనక్కి తిరిగారు. కళ్లు ఎర్రగా ఉన్నాయి. పొగకో, ఏడుపుకో మరి.

"పిల్ల మీ జేబులోంచి తీసిందని మీకు తెలిసింది. ఎందుకు తీసిందో నేను చెప్పను, తిరిగొచ్చాక దాన్నే అడగండి. అది చెప్పినంతసేపూ ఈ తలుపు వేసుకోకండి. రేపు స్కూలుకి మీరే వెళ్లండి, ఆ మాష్టారు షెడ్డు వెనక ఏం చేస్తారో కూడా అడిగి రండి. మేం బయటికి వెళ్తున్నాం."

"ఇప్పుడా? మరి వంటో?"

"వంటింట్లోనే ఉంది."

"అయ్యో రాత, దీపాలు పెట్టేవేళ ఎక్కడికే?" అని అత్తగారు వెనకనుంచి అరుస్తూనే ఉంది. పిల్ల నోరు తెరుచుకుని నా వెంట నడిచింది.

వీధి చివర బస్టాపులో బెంచీ ఉంది. రోజూ దాని ముందు నుంచే వెళ్తాను, సంచులతో. ఇద్దరం కూర్చున్నాం. ఒక బస్సు వచ్చింది, కండక్టరు చూశాడు, మేం ఎక్కలేదు, వెళ్లిపోయింది. అది చూసి పిచ్చుక కిసుక్కుమంది. ఎన్ని రోజులైందో ఆ నవ్వు విని!

"మళ్లీ తాగనులే అమ్మా, ఒట్టు."

"ఒట్లొద్దు. ఎవ్వరూ పని చెప్పకూడదనిపించినప్పుడు నాకు చెప్పు. నాకు అనిపించినప్పుడు నీకు చెప్తాను. ఇద్దరం వచ్చేద్దాం."

"నీకూ అనిపిస్తుందా?"

"రోజూ."

అది నా భుజం మీద తల పెట్టింది. దాని జుట్టులో చెమట వాసన, సబ్బు వాసన, ఇంకా కొంచెం ఆ పాడు వాసన. ముద్దు పెట్టుకున్నాను.

ఫోన్ మోగింది. ఆయనే. గొంతు మెత్తగా ఉంది, కొంచెం బెదురుగా కూడా ఉంది. "ఎక్కడున్నారోయ్?"

"బస్టాపులో."

"బస్టాపులోనా? ఏం పని?"

"పనేం లేదండీ" అన్నాను. పెళ్లయ్యాక ఆ మాట నా నోటి నుంచి రావడం అదే మొదటిసారి.