బూట్ల పద్దు

ఎస్తేరమ్మ మోరీలోంచి పార ఎత్తి, నల్లటి బురదను గట్టుమీద కుమ్మరించి మళ్ళీ వంగింది. బురదలో గుట్కా పొట్లాలు, పాల కవర్లు, ఎవరో పసిపిల్ల గిలక. వేటినీ ఆమె చూడలేదు. ఇరవై రెండేళ్ళుగా అదే పని. ఏ మలుపులో పారకు రాయి తగులుతుందో ఆమె చేతులకే తెలుసు. పొట్టి మనిషి. నడుం దగ్గర బిగించి దోపిన చీర మోకాళ్ళ కిందికి దిగదు. మడమల పగుళ్ళలో నలుపు ఇంకిపోయింది. ఆదివారం చర్చికి పోయే ముందు రాయి పెట్టి ఎంత రుద్దినా అది వదలదు.

రాజోలి రోడ్డు పక్కనున్న ఆ ఊరి పంచాయతీకి ఆమె ఒక్కతే సఫాయి మనిషి. తొమ్మిదిన్నరకు చెత్త ట్రాక్టర్ వచ్చి ఆగింది. డ్రైవర్ శివకుమార్ సీట్లోంచే కేకేశాడు.

"ఎస్తేరక్కా, సారు పిలుస్తుండు. బడి పిల్లలు వస్తుండ్రంట. ఆఫీసు జర ఊడ్వాలంట."

"ఎందుకొస్తుండ్రు?"

"లెక్కలు సూడనీకి."

ఎవరి లెక్కలని ఆమె అడగలేదు. సద్ది టిఫిను ట్రాక్టర్ కొక్కానికి తగిలించి, కుళాయి దగ్గర కాళ్ళు కడుక్కుని పోయింది.

తొమ్మిదో తరగతి పిల్లలు పద్దెనిమిది మంది, వాళ్ళ సోషల్ టీచర్ సుప్రియ వెనకాల వరసగా వచ్చి చాపల మీద కూచున్నారు. పుస్తకంలో పంచాయతీ పాఠం అయిపోయింది. అసలు దస్త్రాలు ఎలా ఉంటాయో చూపించాలని ఆమె కోరిక. పంచాయతీ కార్యదర్శి సందీప్ ఈ ఊరికి వచ్చి ఏడాదిన్నర. వేళ్ళు తుడుచుకుని క్యాష్‌బుక్ తెరిచాడు.

"ఎడమ పక్క వచ్చిన పైసలు. ఇంటి పన్ను, నల్లా బిల్లు, సర్కారు గ్రాంటు. కుడి పక్క పోయినయి. బల్బులు, డీజిలు, జీతాలు. పొద్దున ఉన్న నిలువకు వచ్చింది కలిపి, పోయింది తీసేస్తే సాయంత్రం నిలువ రావాలె. రాలేదంటే యాడనో తప్పు రాసినట్టు."

"తప్పు రాస్తే రబ్బరుతోని చెరిపేస్తరా సార్?"

"చెరపొద్దు. ఒక్క గీత కొట్టి, పక్కన సరైంది రాసి సంతకం పెట్టాలె. తప్పు గూడ కనబడాలె."

ఎస్తేరమ్మ గడప పక్కన గోడకు ఆనుకుని కూచుంది. మాటలు చెవుల మీదుగా పోతున్నాయి.

"ఓచరు లేకుండ ఒక్క రూపాయి బయటికి పోదు," అంటూ సందీప్ బీరువాలోంచి ఒక పాత కట్ట తీసి, ముందు కూచున్న పిల్ల చేతికిచ్చాడు. ఆ పిల్ల నిరోష. ఎస్తేరమ్మ ఉండే వాడలోనే వాళ్ళిల్లు. నిలబడి గట్టిగా చదివింది.

"పారిశుద్ధ్య కార్మికురాలికి రబ్బరు బూట్లు, ఒక జత. ఆరు వందల యాభై రూపాయలు. ముట్టినట్టు, ఎస్తేరమ్మ, వేలిముద్ర."

నాలుగేళ్ళ కిందటి కాగితం. నిరోష తల ఎత్తి గడప వైపు చూసింది. మిగతా పిల్లలూ చూశారు. ఎస్తేరమ్మ ఉత్త కాళ్ళను చీర కిందికి లాక్కుంది.

"అత్తా, నీకు బూట్లున్నయా?" అంది నిరోష.

సందీప్ మొహం మారిపోయింది. లేచి ఆమె దగ్గరికి వచ్చాడు.

"భయపడకు ఎస్తేరమ్మా. బూట్లియ్యకుండనే నిశాని ఏయించుకున్నరా? చెప్పు, నేను పైకి రాస్త."

"ఇచ్చిండ్రు సారు. కొత్తయి. లోపల తెల్ల బట్ట గూడ ఉండె."

"మరేవి?"

"మా ఆయన తొడుక్కపోయిండు."

"యాడికి?"

"పుణెకు."

ఆమె అంతవరకే చెప్పింది. బూట్లు వచ్చిన వారమే భర్త మాసయ్య, ఒక మేస్త్రీ వెంట స్లాబు పనికి పోయాడు. పచ్చి సిమెంటు అతని కాలి వేళ్ళ సందుల్ని తినేసేది. ఒక్కరోజు తొడుక్కున్న బూట్లను ఆమే అతని ముందు పెట్టింది. చిన్నవయ్యాయి. కత్తితో పక్కలు కోసి, కాళ్ళు దూర్చుకుని పోయాడు. మూడు నెలలకు అతన్ని బండిలో తెచ్చారు. ఆరో అంతస్తు నుంచి పడ్డాడని మేస్త్రీ చెప్పాడు. అందరూ మొహం మీది బట్ట తీస్తుంటే ఆమె కాళ్ళ మీది బట్ట తీసింది. బూట్లు లేవు. వేళ్ళ సందుల్లో పుండ్లు మానిపోయి ఉన్నాయి. వాటినే చూస్తూ కూచుంది. ఏడుపు రాలేదు. నాలుగో రోజు మోరీ దగ్గరికి పోయింది.

వెనక వరసలోంచి ఒక పిల్లవాడు లేచాడు. "సార్, వస్తువు ఇచ్చినంక అది యాడికి పోయిందో గూడ రాస్తరా?"

సందీప్ తిరిగి బల్ల దగ్గరికి పోయాడు. "ఎవరికిచ్చినమో స్టాకు రిజిస్టర్ల రాస్తం," అన్నాడు. "ఆడికి లెక్క అయిపోతది."

"రాసుకోండి," అంది సుప్రియ టీచర్. పిల్లలు రాసుకున్నారు.

ఎస్తేరమ్మ లేచి మంచినీళ్ళు పోసింది. నిరోష గ్లాసు అందుకుంటూ, "తెల్వక అడిగిన అత్తా," అంది.

"ఏం కాదు బిడ్డా. దాంట్ల నా పేరు యాడున్నది?"

నిరోష వేలు పెట్టి చూపింది. ఎస్తేరమ్మ వంగి చూసింది.

"గింతేనా?" అంది.

పిల్లలు పోయాక సందీప్ అడిగాడు. "రేపు గద్వాలకు పోతున్న. బూట్లు తెస్త. ఏ సైజు?"

"తెల్వదు సారు."

మధ్యాహ్నం ఆమె నీళ్ళ ట్యాంకు కింద నాచు గీకడానికి పోయింది. మూడు దాటాక శివకుమార్ ట్రాక్టర్‌తో వచ్చేసరికి స్తంభానికి ఆనుకుని, కాళ్ళు చాపి ఉంది. కునుకు తీస్తోందనుకున్నాడు. రెండుసార్లు పిలిచాడు. ఇంజన్ ఆపి మళ్ళీ పిలిచాడు. ఊళ్ళో మందులిచ్చే డాక్టర్ వచ్చి, చెయ్యి పట్టి చూసి, మెల్లగా ఆమె ఒళ్ళో పెట్టాడు.

పొద్దు గూకేలోపు కూతురు రెబెకా వనపర్తి నుంచి వచ్చింది. మర్నాడు పదకొండింటికల్లా సమాధి అయిపోయింది. దహనానికో ఖననానికో పంచాయతీ ఇచ్చే డబ్బు సందీప్ తెచ్చిచ్చాడు. రెబెకా ఓచరు మొత్తం చదివి, పూర్తి పేరు సంతకం చేసింది.

"మా అమ్మ ఆఖరికి ఏమన్న అన్నదా సార్?"

సందీప్ తల దించుకున్నాడు. "బూట్ల సైజు అడిగిన. తెల్వదన్నది."

"ఐదు," అంది రెబెకా.

అతను తలూపాడు. పెన్ను జేబులో పెట్టుకున్నాడు.

తెల్లారి శివకుమార్ ట్రాక్టర్ తీశాడు. మొదటి వాడలో ఆగి, అలవాటుగా వెనక్కి తిరిగి చూశాడు. సీటు వెనక కొక్కానికి, మొన్న పొద్దున ఎస్తేరమ్మ తగిలించిన సద్ది టిఫిను అట్లనే ఉంది. దాన్ని అతను తియ్యలేదు. లోపలి జొన్నరొట్టె బరువుతో గుంత వచ్చినప్పుడల్లా అది ఇనుముకు తగిలి మోగుతూ వాడ వాడా తిరిగింది.