ఏటిగట్టు గొలుసు

నా మొగుడు చిన్నరాజుకు నోట్లో నాలుక లేదని పెళ్ళిచూపుల నాడే మా అమ్మ గొణిగింది. "నీ కూతురికి ఉండాదిగా, ఇద్దరికీ సరిపోతాదిలే" అని మా నాయన నవ్వేశాడు. పద్దెనిమిదేళ్ళుగా సరిపోతూనే ఉంది. రేషన్ షాపులో పోట్లాట నాదే, బడిలో టీచరుతో మాట నాదే, కుళాయి దగ్గర బిందెల గొడవా నాదే. ఆయన మేస్త్రీ. తాపీ పట్టుకుంటే గోడ గీత గీసినట్టు లేస్తుంది. నోరు తెరిస్తే మాత్రం "సరి" అన్న ఒక్క మాట తప్ప రాదు. ఎవరేం చెప్పినా సరే. ఆ మాటే మా వీధి కొంప ముంచేదాకా వచ్చింది.

గుడియాత్తంలో ఏటిగట్టును ఆనుకునే మా వీధి ఉంటుంది. అన్నీ నేతవాళ్ళ ఇళ్ళు, మాది ఒక్కటే మేస్త్రీ ఇల్లు. నేను ఎదురింటి పచ్చయమ్మత్త దగ్గర మగ్గానికి నూలు కండెలు చుడతాను. ఆమె నాకు చుట్టం కాదు, మా కులమూ కాదు. కానీ నా రెండు కాన్పులకూ పథ్యం వండిపెట్టింది ఆమే. అరవై ఐదేళ్ళ మనిషి, మూడు మగ్గాలు, వాటి మీద బతికే ఏడుగురు. ఆ ఏడుగురిలో నన్నూ లెక్కేసుకోండి.

లుంగీ నేయాలంటే ముందు పడుగు సిద్ధం కావాలి. వందల దారాలను ఈ కొస నుంచి ఆ కొసకు బారుగా చాచి, కర్రల మీద బిగించి, గంజి పెట్టి, అటు నలుగురు ఇటు నలుగురు నిలబడి కుంచెలతో దువ్వుతూ ఆరబెట్టాలి. తెల్లారగానే మొదలుపెడితే ఎనిమిదిన్నరకల్లా అయిపోవాలి. ఎండ ముదిరితే దారం పెళుసెక్కి పుటుక్కుమంటుంది. అంత పొడుగు చోటు ఎవరింట్లో ఉంటుంది? అందుకే ఏటిగట్టు దారి. పచ్చయమ్మత్తకు అత్త, ఆ అత్తకు అత్త, అందరూ అక్కడే పడుగు చాచారు. ఏట్లోకి గొడ్లు దిగేదీ ఆ దారినే, జనం నడిచేదీ ఆ దారినే.

మే నెల నడుమ, తమిళ వైకాశి మొదటి రోజు, మా ఊళ్ళో గంగమ్మ సిరసు పండగ. అమ్మవారి తలను ఊరేగించే ఆ రోజు ఇళ్ళల్లో కుక్కలు కూడా ఉండవు, అంతా జాతరలోనే. మరునాడు తెల్లారి పడుగు మోసుకుని గట్టు మీదికి పోయిన మేము అక్కడే బిర్రబిగుసుకుపోయాం. దారికి అడ్డంగా రెండు ఇనుప గుంజలు, వాటి మధ్య బొటనవేలంత లావు గొలుసు, పక్కన ఒక బోర్డు. మోహన చదివింది. ఆమె పచ్చయమ్మత్త కోడలు. "ప్రైవేట్ పార్కింగ్. మండపానికి వచ్చే బండ్లకు మాత్రమే. ఇతరులు లోపలికి రాకూడదు." గొలుసు అవతల ముక్కుకు ముక్కు ఆనించి ఇరవై కార్లు.

గట్టు పక్కనున్న ఆ పెళ్ళి మండపం శివప్రకాశంది. తెల్లచొక్కా జేబులో ఎప్పుడూ పెన్నూ, కొత్త నోట్లూ కనిపించేలా పెట్టుకుని తిరిగే మనిషి. ఎవరితోనైనా తమిళంలోనే మాట్లాడతాడు, మాతో పని పడినప్పుడు మాత్రం తెలుగు గుర్తుకొస్తుంది.

"ఇది మా జాగా. మా నాయన కాలం నుంచి ఉండాది గొలుసు. మీకు కండ్లు కనబడకుంటే నేనేం చేసేది?" అన్నాడు.

అబ్బ, ఎంత నున్నగా అబద్ధమాడాడో! నిన్నమొన్నటిదాకా ఆ చోట నా మేక కట్టేసుకున్నాను నేను. కానీ గుంజలు చూస్తే నిజంగానే ఇరవై ఏళ్ళ పాతవిలా తుప్పు పట్టి ఉన్నాయి. పచ్చయమ్మత్త గంజి కుండ చంకన పెట్టుకుని, "పులిసిపోతాది మీనా, ఇంటికి పోదాం" అని నాతో అంది.

మూడు వారాల్లో ఒక మగ్గం ఆగిపోయింది. నాలుగో వారం పాత కర్ర కొనేవాడు వచ్చి ఆ మగ్గాన్ని తట్టి చూసి పోయాడు. పచ్చయమ్మత్త వాడికి మజ్జిగ ఇచ్చి, ఆలోచించి చెబుతానంది. ఆ రోజు నేను కండెలు చుట్టలేక ఇంటికి వచ్చేశాను.

ఆదివారం మధ్యాహ్నం ఆయనకు అన్నం వడ్డిస్తూ కడుపుమంట కొద్దీ శపించాను.

"ఆ గుంజలు పాతినోడి చేతులు పడిపోను! వాడి కొంపకు దారి లేకుండా పోను!"

ఆయన ముద్ద నోటి దాకా తెచ్చి ఆపేశాడు. కంచం వైపు చూస్తూ మెల్లగా అన్నాడు.

"నేనే."

"ఏంది నువ్వే?"

"పాతింది నేనే."

సిరసు పండగ నాడు పనుందని పోయాడు కదా, అది ఈ పని. గుజరీలో, అదే పాతసామాన్ల అంగట్లో, కొన్న తుప్పు గుంజలు శివప్రకాశమే తెచ్చి ఇచ్చాడట. "మున్సిపాలిటీ వాళ్ళే వేయమన్నారు, పడుగోళ్ళకు పొద్దున్నే తీసిపెడతా" అన్నాడట. మండపం మీద పైఅంతస్తు పని కూడా నీకేనన్నాడట. ఈ మహానుభావుడు సరి అన్నాడు. ఆ పైఅంతస్తు పని మొదలై అప్పటికే పది రోజులైంది.

"నెల రోజులుగా ఎందుకు చెప్పలే?"

"నువ్వు తిడతావని."

తిట్టాను. ఆ వీధికే కాదు, ఏటికి అవతలి ఒడ్డుకు కూడా వినపడేలా తిట్టాను. ఆయన తల వంచుకుని అన్నీ విన్నాడు. చివరికి నేనే ఏడ్చాను. నా చేతులతో అన్నం పెట్టి మరీ శపించుకున్నానే అని.

మా వార్డు కౌన్సిలర్ రాజాంబాళమ్మ మంచి మనిషి. మేము పెట్టిన అర్జీ పట్టుకుని మున్సిపాలిటీకి నాలుగుసార్లు తిరిగింది. వైకాశి పోయి ఆని నెల వచ్చాక ఒక బుధవారం ఉదయం కమిషనర్ స్వయంగా గట్టు మీదికి వచ్చింది. కాటన్ చీర, కాళ్ళకు బూట్లు, పక్కన ఒక ఇంజనీరు. వీధి వీధంతా అక్కడే ఉంది, నా మొగుడు తప్ప; వచ్చి సాక్ష్యం చెప్పమంటే తల వంచుకుని మండపం పనికి పోయాడు. శివప్రకాశం ఒక లావుపాటి ఫైలు, పదిమంది సాక్షులతో దిగాడు. వాళ్ళంతా అతని కూలివాళ్ళు, అతని అద్దెవాళ్ళు.

కమిషనరమ్మ అంతా విని తమిళంలో తేల్చి చెప్పింది. "ఈ గుంజలు కొత్తగా వేసినవైతే అనుమతి లేదు కాబట్టి ఈ నిమిషమే పీకించేస్తాను. ఇరవై ఏళ్ళుగా ఉన్నవైతే మాత్రం నా చేతిలో లేదు, కోర్టుకు పోవాలి."

కోర్టు! పచ్చయమ్మత్త పడుగు ఒక పూట ఆలస్యమైతేనే తట్టుకోదు. కోర్టు తీర్పు వచ్చేసరికి మూడు మగ్గాలూ ఎవరి పొయ్యిలోనో బూడిదై ఉంటాయి.

"రెండువేల నాలుగులో మా నాయన చేత్తో పాతించినాడు. చూడండి మేడం, తుప్పు" అన్నాడు శివప్రకాశం.

మోహన ఫోన్లో ఫొటోలు చూపించింది. అన్నీ పడుగువే, గుంజలున్న చోటు ఒక్కదాంట్లోనూ పడలేదు. నేను నోరు చేసుకున్నాను. మేక గురించి, గొడ్ల గురించి, అతగాడి తాతల గురించి కూడా చెప్పాను. కమిషనరమ్మ ఓపికగా విని, "కేకలు సాక్ష్యం కాదమ్మా. వాళ్ళు పదిమంది అవునంటున్నారు, మీరు పదిమంది కాదంటున్నారు. కంటికి కనిపించే రుజువు ఏమైనా ఉందా?" అంది.

లేదు. పచ్చయమ్మత్త కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

అప్పుడు వెనక నుంచి ఎవరో గొంతు సవరించుకున్నారు. చూద్దును కదా, నా మొగుడు. పైఅంతస్తు పని మీది నుంచి దిగి వచ్చినట్టున్నాడు, తల మీద సిమెంటు దుమ్ము, చేతిలో గడ్డపార. జనాన్ని తోసుకోకుండా, అడిగి అడిగి దారి చేసుకుంటూ ముందుకు వచ్చాడు.

"మేడం, ఈ గుంజలు పాతింది నేనే. సిరసు పండగ నాడు."

శివప్రకాశం ముందు బిత్తరపోయి, తర్వాత పగలబడి నవ్వాడు. "వాడు పొద్దున్నే తాగి వచ్చినాడు మేడం!"

"టీ కూడా రెండోసారి తాగని మనిషిని పట్టుకుని ఎంత మాటన్నావురా!" అని నేను లేవబోతే ఆయన చెయ్యెత్తి నన్ను ఆపాడు. పద్దెనిమిదేళ్ళలో మొదటిసారి.

"రుజువు కింద ఉండాది మేడం. శివప్రకాశమన్న చేత్తోనే వేసినాడు."

ఆ మాటకు గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు శివప్రకాశం చెయ్యి టక్కున చొక్కా జేబు మీదికి పోయింది. నాకు అప్పుడు వెలిగింది. ఓరి నా సామీ!

నా మొగుడికి ఒక పిచ్చి ఉంది. వాళ్ళ తాత నేర్పిన పిచ్చి. ఇల్లు గానీ, గేటు గానీ, చివరికి మేకల కొట్టం గుంజ గానీ, ఏది పాతినా కింద పసుపు గుడ్డలో నవధాన్యాలూ ఒక రూపాయీ కట్టి పెట్టాలి. అదీ ఆ జాగా యజమాని తన చేత్తో వేయాలి. లేకుంటే గడ్డపార ముట్టడు. మా మేక గుంజ కోసం నా చేత రూపాయి వేయించినప్పుడు వీధంతా నవ్వింది. ఆ పిచ్చికి నేనెన్నిసార్లు తల కొట్టుకున్నానో.

"తవ్వకూడదు! నా ఆస్తి మీద చెయ్యేస్తే ఊరుకోను" అని శివప్రకాశం అడ్డం వచ్చాడు.

"ఇరవై ఏళ్ళ నాటిదైతే మీకు భయం దేనికి? ఏమీ లేకపోతే నేనే మళ్ళీ పాతించి ఇస్తాను" అని కమిషనరమ్మ చేయి చూపించింది. "తవ్వప్పా."

ఇంజనీరు వంగి గుంజ మొదట్లో కాంక్రీటును అన్ని వైపులా తట్టి చూశాడు. ఎక్కడా పగులు లేదన్నాడు. నా మొగుడు గడ్డపార ఎత్తాడు. పది దెబ్బలకు పెచ్చు లేచింది, ఇంకో ఇరవై దెబ్బలకు గుంజ ఊగింది. నలుగురు పట్టి లాగితే మొదలంటా పైకి వచ్చింది. గుంతలో, తడి మట్టి కింద, పసుపు గుడ్డ మూట.

ఆయన దాన్ని తాకలేదు. "మీరే విప్పండి మేడం" అన్నాడు.

ఆమె విప్పింది. ధాన్యం గింజలు మొలకెత్తి కుళ్ళి ఉన్నాయి. మధ్యలో రూపాయి. ఇంజనీరు బొటనవేలితో తుడిచి ఎండకు పట్టి చదివాడు.

"రెండువేల ఇరవైమూడు."

"రెండువేల నాలుగులో పాతిన గుంజ కిందికి ఇరవైమూడో సంవత్సరం రూపాయి ఎలా వచ్చిందండీ?" అని కమిషనరమ్మ చాలా మర్యాదగా అడిగింది.

"ఎవురో... ఎవురో తరవాత పెట్టినారు."

నా మొగుడు అప్పుడు తన జీవితంలోకెల్లా పొడుగైన మాట మాట్లాడాడు. "పైన కాంక్రీటు నేను అలికినాను. దాన్ని ఇప్పుడు మీ అందరి ముందర పగలగొట్టినాను. దాని కిందికి రూపాయి ఎట్ల పోతాది? అన్నా, నువ్వు జేబులోంచి రూపాయి తీసి వేస్తా, 'మేస్త్రీ, పార్కింగు గుంజకు కూడా పూజా?' అని నవ్వినావు. మర్సిపోయినావా?"

ఇక చూడండి! వీధి ఒక్కసారిగా కేక పెట్టింది. మోహన ఈల వేసింది, రాజాంబాళమ్మ పదవిలో ఉన్నదన్న సంగతి మరిచి చప్పట్లు కొట్టింది. సాక్షులు పదిమందీ ఎటు పోయారో పోయారు. రెండో గుంజను మేమే పీకాం, ఆడవాళ్ళమే. గొలుసు జలజలా నేలమీద పడిన చప్పుడు నాకు ఇప్పటికీ చెవుల్లో తియ్యగా ఉంది. మధ్యాహ్నంలోగా ఒక్క కారు లేదు.

పోతూ పోతూ శివప్రకాశం నా మొగుడి ముందు ఆగాడు. "రేపటి నుంచి పైఅంతస్తు పనికి రావాకు."

"సరి" అన్నాడు ఈయన.

ఆ 'సరి' విని నేను పడీపడీ నవ్వాను, ఏడ్చాను కూడా. ఆయన దుమ్ము తల మీద చెయ్యేసి, "నీ చేతులు చల్లగుండా" అన్నాను. పెట్టిన శాపం నేనే వెనక్కి తీసుకోవాలి కదా.

ఇప్పుడాయన జోలార్పేటలో ఒక ఇంటి పనికి రోజూ రైల్లో పోయి వస్తున్నాడు. మున్సిపాలిటీ కొత్త బోర్డు ఇచ్చింది: "ప్రజల దారి. తెల్లవారి ఐదు నుంచి ఎనిమిదిన్నర దాకా నేతవారి పడుగు పని. బండ్లు రాకూడదు." దాన్ని పాతే పని అడిగి మరీ తీసుకున్నాడు. అదే గుంతలో. "జాగా యజమాని రూపాయి వేయాల" అన్నాడు. ప్రజల దారికి యజమాని ఎవరు? అందరం పచ్చయమ్మత్త వైపు చూశాం. ఆమె కొంగు ముడి విప్పి రూపాయి తీసి మోహనకు ఇచ్చింది.

"ఏ సంవత్సరందో చూసి చెప్పమ్మే. రేపు ఎవురన్నా తవ్వినా తెలియాల."

మరునాడు తెల్లారేసరికి పడుగు గట్టు ఈ కొస నుంచి ఆ కొసకు నీలంగా, ఎర్రగా చాచుకుని ఉంది. మూడు మగ్గాలకూ సరిపడే పడుగు. కర్ర కొనేవాడికి రావద్దని కబురు పోయింది. జోలార్పేట రైలుకు ఇంకా వేళుందని నా మొగుడు కూడా ఒక కుంచె పట్టుకుని నిలబడ్డాడు. ఆరున్నరకు శివప్రకాశం కారు వచ్చి బోర్డు ముందు ఆగింది. రెండుసార్లు హారన్ కొట్టాడు. పచ్చయమ్మత్త గంజి చేత్తోనే నడిచిపోయి కారు అద్దం దగ్గర వంగింది.

"గంజి ఆరల్లా నాయనా. ఎనిమిదిన్నరకు రా."

శివప్రకాశం పడుగు వైపు చూశాడు, బోర్డు వైపు చూశాడు, కుంచె పట్టుకున్న నా మొగుడి వైపు చూశాడు. ఈయన దువ్వుతూనే ఉన్నాడు.

"సరి" అని శివప్రకాశం కారు వెనక్కి తిప్పుకున్నాడు.