మిషను బిడ్డకు, బిళ్లలు తండ్రికి

ఐదేళ్ల కిందట మందమర్రిలో, అత్త మగ్దలేనమ్మ ఇంటి వరండాలో చర్చి సంఘపెద్దలు కూర్చుని బెంజమిన్ కాపురాన్ని రెండుగా పంచారు. బీరువా, కుట్టుమిషను భార్యకు. స్కూటరు భర్తకు. తొమ్మిదేళ్ల కూతురు స్తుతి తల్లి దగ్గర. చివరికి వీడియో గేముల సామాను మిగిలింది: టీవీకి తగిలించే నల్లటి మిషను ఒకటి, అందులో వేసి ఆడే డిస్కులు నూట ఎనభై. ఒకటి లేనిదే రెండోది కొరగాదన్న సంగతి ఆ పెద్దల్లో ఎవరికీ తెలియదు. ఎవరికీ అన్యాయం జరగకూడదని, “మిషను బిడ్డకు, బిళ్లలు తండ్రికి” అని కాగితం మీద రాశారు.

తెలిసిన బెంజమిన్ నోరు విప్పలేదు. తండ్రి బిడ్డను ఎప్పుడెప్పుడు చూడవచ్చునో ఆ కాగితంలో లేదు. అడగడానికి అతనికి అభిమానం అడ్డొచ్చింది. అడగకుండానే పెద్దల అజ్ఞానం తనకొక దారి విడిచిందని అతడు అక్కడే గ్రహించాడు.

ఆ దారినే ఐదేళ్లు నడిచాడు. రెండు వారాలకొక ఆదివారం పొద్దున కరీంనగర్‌లో బస్సెక్కి, చర్చిలో ఆరాధన ముగిసే వేళకు మందమర్రిలో దిగేవాడు. భార్య నర్సు, ఆ ఆదివారాలు పట్టుబట్టి డ్యూటీ వేయించుకొనేది. వరండాలో రెండు ప్లాస్టిక్ కుర్చీలు, మగ్దలేనమ్మ చాయ, గంటసేపు ఆటల ముచ్చట. తెచ్చిన డిస్కు ఇచ్చి, పోయినసారి ఇచ్చినది తీసుకొని, మళ్లీ బస్సు.

కరీంనగర్‌లో అతనిది కళ్లద్దాల దుకాణంలో అద్దాలు అరగదీసి ఫ్రేములో బిగించే పని. డిస్కులను కూడా అద్దాల మాదిరే చూసుకొనేవాడు: భూతద్దంతో గీతలు వెతకడం, మెత్తటి గుడ్డతో నడుమ నుంచి అంచుకు తుడవడం. దుకాణంలో కుర్రకారు, ఇప్పుడు గేములన్నీ నెట్‌లోనే కొనుక్కోవచ్చు గదా, ఈ చెత్తంతా ఎందుకన్నా అని ఎకసెక్కమాడితే అతని దగ్గర సమాధానం సిద్ధంగా ఉండేది. నెట్‌లో కొన్నది కొన్నట్టు కాదు. ఆడుకోవడానికి కంపెనీ ఇచ్చే అనుమతి మాత్రమే. ఇచ్చినవాడు ఏనాడైనా లాక్కోగలడు. దాన్ని అమ్మలేవు, అరువియ్యలేవు, ఒకరి చేతిలో పెట్టలేవు. చేతిలో ఉన్నదే మనది. వాదనలో తప్పు లేదు. ఒకరి చేతిలో పెట్టలేకపోవడం ఒక్కటే తన అసలు భయమని మాత్రం అతడు ఎవరికీ చెప్పలేదు.

మొన్న ఫిబ్రవరిలో ఒక ఆదివారం స్తుతి, తాను రెండు వారాలుగా ఆడిన కార్ల పందెం గురించి ఉత్సాహంగా చెప్పింది. మంచుకొండ మీద చివరి మలుపు దగ్గర ఎనిమిదిసార్లు లోయలో పడ్డదట. బ్రేకు ముందుగా వేయాలని తండ్రి సలహా ఇస్తే నవ్వింది.

“నువ్వు ఆడితే లోయ దాక సుత రావు బాపూ. మొదటి మలుపుల్నే చెట్టుకు గుద్దుతవ్.”

ఆ నవ్వు వెంట తెచ్చుకొని బస్సులో కూర్చున్నాడు. గీతలేమైనా పడ్డాయేమో చూద్దామని అలవాటు కొద్దీ కార్ల డబ్బా తెరిచాడు. లోపల ఉన్నది క్రికెట్ డిస్కు.

తప్పు తనదే. తుడిచేటప్పుడు రెండు డబ్బాలూ పక్కపక్కన పెట్టి, ఒకదానిది మరొకదానిలో వేశాడు. ఐదేళ్లలో అదొక్కసారే అలా జరిగింది. అయితే రెండు వారాలు స్తుతి ఈ డబ్బా మూత తీయనే లేదు. మూత తీయకుండా మంచుకొండ మీద చివరి మలుపు ఎలా చూసింది?

మంచిర్యాల బస్టాండులో దిగి మగ్దలేనమ్మకు ఫోను చేశాడు. ఆమె మొదట తెలియదంది. అతడు క్రికెట్ డిస్కు సంగతి చెప్పి మళ్లీ అడిగాడు.

“రెండేండ్లాయె బిడ్డా,” అంది చివరికి. “మా కొడుకు అహరోను అక్కబిడ్డ కోసమని నెట్టు పెట్టిచ్చిండు. ఆటలన్ని దాంట్లనే కొనిస్తుండు. నీ బిళ్లలు నువ్వెట్లిచ్చినవో గట్లనే అల్మారల పెడ్తది, ఆదివారం బయటికి తీస్తది. నువ్విచ్చిన ఆటనే నెట్ల కొనిపిచ్చుకొని ఆడుతది, నీతోని ముచ్చట చెప్పనీకి.”

నాకెందుకు చెప్పలేదు అత్తమ్మా అని అడిగాడు.

“నాతోని ఒట్టు పెట్టిచ్చుకున్నది. బాపు బిళ్లలియ్యనీకే వస్తడు అమ్మమ్మా, వద్దంటే మల్ల రాడు అన్నది. నేనేం జేతు?”

మొదట కలిగినది సంతోషమే. బిడ్డ తాను రావాలని కోరుకున్నది. రెండేళ్లు అబద్ధమాడి మరీ కోరుకున్నది. కరీంనగర్ చేరేలోపు ఆ సంతోషం అతని చేతుల్లోనే విరిగిపోయింది. అతడు లెక్క తప్పని మనిషి. ఈ ఐదేళ్లలో గేముల గురించి కాక ఆ పిల్లను ఇంకేమి అడిగానా అని ఒక్కొక్క ఆదివారమే వెనక్కి వెతికాడు. ఒకసారి జ్వరం తగ్గిందా అని అడిగాడు. అంతే. ఆమె ఏ తరగతో వయసును బట్టి కూడి చెప్పగలడు గానీ ఆమె నోట విన్న గుర్తు లేదు. ఆమెకు పాట వచ్చునా, చీకటంటే భయమా, తల్లితో పోట్లాడుతుందా, ఏమీ తెలియదు. బాపు బిళ్లల కోసమే వస్తాడని పిల్ల అనుకుంటే అందులో పిల్ల తప్పేముంది? ఉన్న ఆధారాలను బట్టి ఎవరైనా ఆ నిర్ణయానికే వస్తారు.

రెండు వారాలకు వచ్చిన ఆదివారం అతడు డిస్కు లేకుండా బయలుదేరాడు. చేతులు ఖాళీగా ఉంటే ఇక తానే మిగులుతాడు. అప్పుడు బిడ్డకు చెప్పక తప్పదు. బస్సులో రెండున్నర గంటలూ ఒకే వాక్యం సాధన చేశాడు: నిన్ను చూడనీకే వచ్చిన బిడ్డా.

ఆరాధనకు వేసుకున్న బట్టలతోనే స్తుతి వరండాలోకి వచ్చింది. పోయినసారి ఇచ్చిన డబ్బా అతని ఒళ్లో పెట్టి, చెయ్యి చాపింది.

“ఏది బాపూ? దాచిపెట్టినవా?”

“తేలే.”

“అయిపోయినయా?”

లేదన్నట్టు తలూపాడు. ఆమె చెయ్యి వెనక్కి తీసుకుంది. చదువెట్లా సాగుతున్నదని అడిగాడు. మంచిగనే అంది. దోస్తులెవరని అడిగాడు. హాజరు పలికినట్టు రెండు పేర్లు చెప్పింది. కొత్తగా వచ్చిన చుట్టంతో మాట్లాడినట్టుంది ఆమెకు. అతనికీ అట్లాగే ఉంది. ఇంకేమడగాలో వెతుక్కుంటుండగా చాయ మీద మీగడ కట్టింది.

“మరి ఎందుకొచ్చినవ్ బాపూ?” అంది స్తుతి.

ఎత్తిపొడుపు కాదు, కోపమూ కాదు. జవాబు తెలుసుకోవాలని అడిగిన ప్రశ్న. ఎందుకొస్తున్నావని ఐదేళ్లలో అతణ్ని ఎవరైనా అడగడం అదే మొదలు. బస్సులో సాధన చేసిన వాక్యం నాలుక మీదే ఉంది. పద్నాలుగేళ్ల పిల్ల కళ్లు తన ముఖం మీద నుంచి కదలడం లేదు. ఇప్పుడంటే ఇంతకాలం ఎందుకనలేదని అడుగుతుంది.

“బెల్లంపల్లిల జర పనుండె,” అన్నాడు. “తొవ్వలనే గదా అని దిగిన.”

“అట్లనా,” అంది స్తుతి. తాను ముందే వేసుకున్న లెక్క సరిపోయిందన్నట్టు మెల్లగా తలూపింది. కాసేపటికి లేచి, “అయితే లేటైతది గదా, పా, బస్సెక్కిస్త,” అంది.

రోడ్డు దాకా ఇద్దరూ నడిచారు. కరీంనగర్ బస్సు ఆగే వైపు అతని కాళ్లు తిరగబోతే, ఆమె మోచెయ్యి పట్టుకొని అవతలి వైపుకు దాటించింది. బెల్లంపల్లి బస్సు మలుపు తిరగగానే తానే ముందుకు వెళ్లి చెయ్యెత్తి ఆపింది. అతడు మెట్టు మీద కాలు పెట్టాడు.

“పైలం బాపూ,” అని జాగ్రత్త చెప్పింది. ఇంకో ఆదివారం మాట ఆమె ఎత్తలేదు. ఎత్తుతుందేమోనని అతడు మెట్టు మీదే ఒక క్షణం నిలబడ్డాడు. వెనక ఎక్కేవాళ్లు తోశారు.

బస్సు కదిలింది. కండక్టరు వచ్చి ఎక్కడికని అడిగాడు. బెల్లంపల్లి అన్నాడు బెంజమిన్. ఆ ఊళ్లో అతనికి పని లేదు, తెలిసినవాళ్లు లేరు. టికెట్టు తీసుకొని కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు.