బొట్టు కింది స్క్రూ

ఇమాం పాషాకు చూపు మసకబారిందన్న సంగతి లోకంలో ఇద్దరికే తెలుసు. ఒకరు ఆయన, ఇంకొకరు కూతురు షహజాదీ. కొత్తవాడలో రేడియోలు, ఈమధ్య టీవీలు కూడా బాగుచేసి బతికే మనిషికి కళ్లు పోతున్నాయని బయటికి పొక్కితే ఇంకేముంది, దుకాణానికి తాళమే. అందుకే అన్నం గిన్నె తెచ్చే వంకతో షహజాదీ దుకాణంలోనే ఉండిపోతోంది. సామాను చేతికందిస్తూ పని కూడా పట్టేసింది.

ఆ రోజు నర్సంపేట నుంచి రాజేశ్వర్ రావు అనే దొర తన టీవీని కారులో వేసుకొచ్చాడు. మాట వస్తోంది, బొమ్మ రావడం లేదు. టీవీ వదిలి పొమ్మంటే పోకుండా కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చున్నాడు. నమ్మకం లేక కాదట, "ఊకెనే చూస్త" అన్నాడు. ఊరికే చూసేవాడి కన్నంత పాడు కన్ను ఇంకొకటి ఉండదు.

ఇమాం పాషా ప్లగ్ తీయించి, టీవీ వెనక డొప్పను వేళ్లతో తడిమాడు. వేలికి తగిలిన స్క్రూనల్లా విప్పేస్తున్నాడు. చూసేవాడికి అది చేయి తిరిగిన పనితనం. అది తడుములాటని షహజాదీకి తెలుసు. అన్నీ వచ్చాయనుకుని ఆయన డొప్పను లాగాడు. రాలేదు.

అప్పుడు చూసిందామె. కింది మూలన పసుపు ముద్ద, దాని మీద కుంకుమ. దసరా పూజకు రావు ఇంట్లో ఆడవాళ్లు టీవీకి ముందే కాదు, వెనక కూడా అద్దినట్టున్నారు. అది ఎండి గట్టిపడి స్క్రూను కప్పేసింది. వేలికి డొప్పలో భాగంలాగే తగులుతుంది. కళ్లున్నవాడికైతే ఇట్టే తెలిసిపోతుంది.

ఆయన మళ్లీ పట్టు బిగించాడు. లోపల పిక్చర్ ట్యూబు మెడ సన్నటి గాజు. డొప్ప వంకరగా ఊడి దానికి తగిలితే ట్యూబు పోయినట్టే, ఇమాం పాషా పేరూ పోయినట్టే. ఆగమని చెప్తే కళ్ల సంగతి బయటపడుతుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

"దొరా, జర ఆ బొట్టు మీరే తుడవాలె," అంది షహజాదీ. "దాని కింద స్క్రూ ఉన్నది. పూజ జేసిన బొట్టు, మేం చెయ్యి పెడితే మంచిగుండదని అబ్బా ఆగిండు."

ఇమాం పాషా చేతులు డొప్ప మీదే ఆగిపోయాయి. రావు మొహం వెలిగిపోయింది.

"ఇయ్యాల రేపు గింత మర్యాద ఎవలికున్నదయ్యా!" అంటూ తువ్వాలు తడిపి తనే తుడిచాడు. స్క్రూ వచ్చింది. డొప్ప చక్కగా ఊడి చేతికొచ్చింది.

కానీ గండం సగమే గడిచింది. ప్లగ్ తీసినా పిక్చర్ ట్యూబులో కరెంటు నిలిచి ఉంటుంది. వైరుతో ఇనుప చట్రానికి కలిపిన స్క్రూడ్రైవర్‌ను ట్యూబు మీది రబ్బరు టోపీ కిందికి దూర్చి ఆ కరెంటును చట్రంలోకి దింపేయాలి. ఇమాం పాషా ఆ మాట చెప్పగానే, మర్యాదకు పొంగిపోయిన రావు లోపలికే వంగాడు. "ఏడుంటదయ్యా ఆ కరెంటు?" అని వేలు కూడా పెట్టబోయాడు.

ఇమాం పాషా స్క్రూడ్రైవర్ ఎత్తాడు. దాని మొన గాలిలో అటూ ఇటూ తడబడింది. షహజాదీ ఇంకో అబద్ధం కోసం వెతుక్కుంది. దొరకలేదు.

"చెయ్యి తీయుండ్రి దొరా," అన్నాడాయన. "నాకు కండ్లు అవుపడ్తలెవ్వు. మీ చెయ్యేదో ట్యూబేదో తెలుస్తలేదు. నా బిడ్డ జేస్తది. వద్దంటరా, టీవీ కారుల పెట్టిస్త."

షహజాదీకి ఏడుపు ముంచుకొచ్చింది. ఇన్నాళ్లు ప్రాణంలా దాచిన మాటను ఆయనే అనేశాడు. రావు చటుక్కున చెయ్యి లాక్కుని లేచాడు. వెళ్లిపోతాడనుకుంది. ఆయన కుర్చీని దూరంగా జరుపుకుని మళ్లీ కూర్చున్నాడు.

"కానియ్యుండ్రి," అన్నాడు మెల్లగా.

ఇమాం పాషా భుజం మీది రుమాలు తీసి, కూతురి ఎడమ చేతిని వెనక్కి పెట్టి నడుముకు కట్టాడు. "ఒక్క చేత్తోనే బిడ్డా. రెండో చెయ్యి తగిలితే కరెంటు గుండెలకెల్లి పోతది."

ఆమె మొనను రబ్బరు టోపీ కిందికి పోనిచ్చింది. టప్పుమని నిప్పురవ్వ ఎగిరింది.

"ఏం రంగున్నది?" అని అడిగాడాయన, ఆమె పక్కనే నిలబడి.

"నీలం, అబ్బా."

"ఆఁ," అన్నాడు. "గట్లనే ఉండేది."